యంత్రాలతో కాపురం

యంత్రాన్ని కొనడం తేలిక. దానితో కాపురం చేయడమే కష్టం. మనిషికి వయస్సు వస్తే ముఖంలో తెలుస్తుంది, నడకలో తెలుస్తుంది. యంత్రానికి అలాంటి గుర్తులేవీ ఉండవు. నిన్న పనిచేసినట్టే ఈ రోజూ పనిచేస్తుంది; అందుచేత రేపు కూడా పనిచేస్తుందని మనం నమ్ముతాం. కాని దానిని నడిపించే సాఫ్ట్‌వేర్‌కు, పంచాంగానికి ఉన్నట్టే, ఒక గడువు ఉంటుంది. గడువు దాటిన పంచాంగం గోడకు అందంగానే వేలాడుతుంది. తిథి మాత్రం తప్పు చెబుతుంది.

ఈ సంగతి నేను ఏ కంప్యూటరు కళాశాలలోనూ నేర్చుకున్నది కాదు. నేను చదివినది ఆంగ్ల సాహిత్యం, చేసేది అనువాదం. పుదుచ్చేరి పట్టణంలోని కోసపాళయంలో మా ఇల్లు. ఆ ఇంట్లో టెలివిజన్ కార్యక్రమాలను రికార్డు చేసి, దాచి, కోరినప్పుడు చూపించే యంత్రాలు నాలుగు ఉన్నాయి. పదేళ్లకు పైగా వాటి బాగోగులు నావే. సాఫ్ట్‌వేర్ కొత్త సంచికకు వాటిని మార్చవలసి వచ్చినప్పుడల్లా నాలుగింటినీ ఒక్కతాటిపై నడిపించడం మా ఇంటిపనుల్లో ఒకటైపోయింది. ఆవకాయ పెట్టడం వంటిదే ఇదీను. ముందుగా సరుకులన్నీ చూసుకోవాలి. ఎక్కడా తడి తగలనివ్వకూడదు. ఒకసారి కలిపిన తరువాత కారాన్నీ ఆవపిండినీ వేరు చేయలేము.

ఇంతటి శ్రమ ఎందుకు, ఫోనులో కావలసినవన్నీ దొరుకుతున్నాయి కదా అని బంధువులు అడుగుతూ ఉంటారు. దొరికేవి దొరుకుతాయి. దొరకనివాటి కోసమే ఈ కాపురం.

అల్మారాలో అరగంట

మా మామగారు యానాంలో తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఉద్యోగ విరమణ తరువాత అత్తయ్యతో కలిసి మా వద్దకు వచ్చారు. యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. పరిపాలన ఒకటే గాని రెండు ఊళ్ల మధ్య దూరం 800 కిలోమీటర్లకు పైమాట. గోదావరి గాలిలో, తెలుగు మాటల మధ్య జీవితమంతా గడిపిన ఆ ఇద్దరికీ కోసపాళయంలో వీధంతా తమిళం. ఇరుగుపొరుగు మంచివారే. ఎదురింటి అక్క ప్రతి సంక్రాంతికీ పొంగలి పంపుతుంది. కాని సాయంకాలం వాలుకుర్చీలో కూర్చుని ఒక పద్యం వినాలనిపిస్తే చెప్పేవారు లేరు. తెలుగు కార్యక్రమాలు వచ్చే వేళకు ఆయన నిద్రపోయేవారు. ఆయన మేలుకొని ఉన్న వేళకు అవి వచ్చేవి కావు.

2008లో మా మరిది, అప్పటికి ఇంజనీరింగు విద్యార్థి, ఒక పాత కంప్యూటరును తెచ్చి, దానికి కేబుల్ తీగను అందుకునే కార్డు అమర్చి, మిత్‌టీవీ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించాడు. 2002లో అమెరికాలో ఐజక్ రిచర్డ్స్ అనే ప్రోగ్రామరు ప్రారంభించినది అది. టేపు లేకుండా హార్డ్ డిస్కు మీద కార్యక్రమాలను రికార్డు చేసే టీవో, రీప్లే టీవీ పెట్టెలు 1999లోనే అక్కడి బజారుకు వచ్చాయి. అటువంటి పెట్టె కొనకుండా, ఇంట్లోని కంప్యూటరునే అలాంటి పెట్టెగా మార్చుకొనే వీలును మిత్‌టీవీ కల్పించింది. ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు.

ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనా అన్న ప్రశ్న కూడా పాతదే. వీడియో టేపుల కాలంలో అమెరికాలో ఈ వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ప్రసారమైన కార్యక్రమాన్ని తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమైన వినియోగమేనని 1984 జనవరిలో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు. అంత స్వల్పమైన ఆధిక్యం మీద ఒక అలవాటు నిలబడింది. మన 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను కూడా సొంత వినియోగానికై చేసే న్యాయమైన వ్యవహారాన్ని ఉల్లంఘనగా భావించదు. మేము దాచినది ఇల్లు దాటలేదు.

2011లో ఒక ఛానెల్ వారు మామగారిని పిలిచి అరగంట కార్యక్రమం చేయించారు. పోతన గజేంద్ర మోక్షం నుండి కొన్ని పద్యాలు చదివి, తరగతి గదిలో చెప్పినట్టే అర్థతాత్పర్యాలు చెప్పారు. మధ్యలో కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకోవడం కూడా అందులో ఉంది. 2016లో ఆయన కాలం చేశారు. తరువాత ఆ ఛానెల్‌ను సంప్రదించి ఆ కార్యక్రమం ప్రతి కావాలని అడిగాం. అంత పాతవి తమ వద్ద లేవని సమాధానం వచ్చింది. మాకు తెలిసినంతలో ఆ అరగంట మా ఇంటి మెట్లకింది అల్మారాలో మాత్రమే ఉన్నది.

ఆ ఒక్క ఫైలును వేరే డిస్కుల మీదికి ఎక్కించి దాచాం. కాని దానితో పని తీరలేదు. డిస్కు కూడా యంత్రమే. దానికీ ముసలితనం వస్తుంది. పైగా అల్మారాలో ఉన్నవి ఒక ఫైలు కాదు, కొన్ని వేలు. ఉగాది కవిసమ్మేళనాలు, హరికథలు, నాటకాలు, ఇప్పుడు లేని గాయకుల కచేరీలు అందులో ఉన్నాయి. డెబ్బై దాటిన అత్తయ్యకు రిమోటు మీద నాలుగు మీటలు మాత్రమే తెలుసు. ఆ నాలుగు మీటలతో ఆమె కోరినది తెరమీదికి రావాలంటే వెనుక ఉన్న వ్యవస్థ మొత్తం నడుస్తూ ఉండాలి.

పేరు లేని ఫైళ్లు

ఆ వ్యవస్థ స్వరూపం ఇది. మెట్లకింద ప్రధాన యంత్రం. మేడమీది గదిలో రెండవ యంత్రం. ఈ రెండూ రికార్డు చేసేవి; వీటిని బ్యాకెండ్లు అంటారు. హాలులో టీవీ వెనుక ఒకటి, అత్తయ్య గదిలో అరచేయంత పలక వంటిది మరొకటి చూపించేవి. వాటిని ఫ్రంటెండ్లు అంటారు. ఏ ఛానెల్, ఏ వేళ, ఏది రికార్డయింది, ఎక్కడ ఉంది అనే లెక్క అంతా ప్రధాన యంత్రంలోని డేటాబేస్‌లో ఉంటుంది. తక్కినవన్నీ దానిని అడిగి తెలుసుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో బీరువా తాళాలు ఒక్కరి చేతిలో ఉన్నట్టు.

2012లో ప్రారంభమై 2017 నాటికి దేశంలో కేబుల్ ప్రసారాలు దశలవారీగా డిజిటల్‌కు మారాయి. ప్రసారాలు సెట్‌టాప్ పెట్టెల వెనుకకు చేరడంతో మా పాత కార్డుకు పని లేకుండా పోయింది. అప్పుడు డాబామీద చిన్న డిష్ పెట్టి దూరదర్శన్ ఉచిత ప్రసారాల వైపు మళ్లాం. డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో 2004 డిసెంబరులో మొదలై, ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అనిపించుకుంటున్న సేవ అది. ఆ ప్రసారాలను అందించే జీశాట్-15 ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ప్రయోగించారు. ఒకనాటి ఫ్రెంచి పట్టణంలోని డాబాకు, నేటి ఫ్రెంచి నేల నుండి ఎగిరిన ఉపగ్రహం తెలుగు పద్యాన్ని దింపుతున్నదన్నమాట! అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల వద్ద ఉన్నది గనుక మా డిష్ ఆగ్నేయానికి తిరిగి, దాదాపు నడినెత్తిని చూస్తూ ఉంటుంది. ఒక ట్యూనరు ఒక సమయంలో ఒక ట్రాన్స్‌పాండరునే పట్టుకోగలదు. మా తెలుగు కార్యక్రమం, ఎదురింటి అక్క అడిగిన తమిళ కార్యక్రమం ఒకే గంటలో వచ్చి పోటీపడినందుకే రెండవ బ్యాకెండ్ పుట్టింది.

ఇక అసలు సంగతి. మిత్‌టీవీ రికార్డు చేసిన ఫైలుకు కార్యక్రమం పేరు ఉండదు. ఛానెల్ సంఖ్య, ఆ తరువాత ప్రారంభ సమయం, ఇంతే దాని పేరు. ఆ సమయమైనా మన గడియారానిది కాదు. ప్రపంచ ప్రామాణిక కాలం. మన రాత్రి 8-30 అక్కడ మధ్యాహ్నం 3 గంటలు. ఆ వరుస అంకెల్లో మామగారు ఎక్కడ ఉన్నారో, వాతావరణ వార్త ఎక్కడ ఉన్నదో డేటాబేస్‌కే తెలుసు. మన ప్రబంధాలలో ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. కవి పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు అందులోనే తెలుస్తాయి. ఆ ఆకు పోయిన తాళపత్ర గ్రంథం ఎవరిదో పోల్చుకోవడానికి పండితులు ఎంత కష్టపడతారో సాహిత్య విద్యార్థులకు తెలుసు. డేటాబేస్ పోయిన మా అల్మారా అటువంటిదే: పద్యాలన్నీ ఉంటాయి, గద్య ఉండదు.

సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లో మొదట చెయ్యి పడేది సరిగ్గా ఈ డేటాబేస్ మీదనే. కొత్త సంచిక వచ్చినప్పుడు దాని పట్టికల అమరిక మారుతుంది. దానిని స్కీమా అంటారు. ఒకసారి కొత్త స్కీమాకు మారిన డేటాబేస్‌ను పాత సంచిక చదవదు, తిరుగుదారి లేదు. ముందుగా తీసి ఉంచుకున్న నకలు ఒక్కటే దిక్కు. అంతేకాక, నాలుగు యంత్రాలూ ఒకే ఒప్పందం ప్రకారం మాట్లాడుకోవాలి. ఒకటి కొత్తదై మరొకటి పాతదిగా మిగిలితే, పాతది తలుపు తట్టినా కొత్తది తెరవదు. అనువాదకురాలిగా ఈ నియమం నాకు వెంటనే అర్థమయింది. సంపాదకుడు సవరించిన మూలం ఒకటి, అనువాదకుని చేతిలోని మూలం మరొకటి అయితే ఇద్దరూ మంచివారే అయినా పుస్తకం మాత్రం తయారు కాదు.

శీఘ్రమా, నిదానమా?

మా మరిది 2013లో కెనడా వెళ్లిపోయాడు. వెళ్తూ ఒక కాగితం మీద పన్నెండు ఆంగ్ల ఆదేశాలు రాసి నా చేతిలో పెట్టాడు. "నడుస్తున్న బండి నడవనీ వదినా, దాని జోలికి పోవద్దు" అన్నాడు. ప్రేమతో చెప్పిన మాటే. కాని బండి నడిచే దారి మారిపోతూ ఉంటే నడవనీ అన్నమాట ఎంతకాలం చెల్లుతుంది?

మన భాషలో రెండు మాటలు ఉన్నాయి. శుభస్య శీఘ్రం అన్నది ఒకటి. నిదానమే ప్రధానం అన్నది మరొకటి. రెండూ నిజమే. ఏది ఎక్కడ వాడాలన్నదే తెలియాలి. భద్రతకు సంబంధించిన చిన్న సవరణలు వచ్చినప్పుడు శీఘ్రం మంచిది. ఇంటర్నెట్‌కు కలిసి ఉన్న యంత్రంలో తెలిసిన లోపాన్ని ఉంచుకోవడం గొళ్లెం ఊడిన తలుపుతో నిద్రపోవడమే. సంచిక మొత్తం మారేటప్పుడు నిదానం మంచిది. కొత్త సంచిక వచ్చిన కొన్ని నెలలకు తొలి లోపాలు బయటపడి సవరణలు చేరుతాయి. ఈలోగా ఇంట్లో ఎవరికీ ఏ నష్టమూ ఉండదు.

అయితే నిదానానికి కూడా హద్దు ఉంది. మా యంత్రాలు నడిచేది ఉబుంటు లినక్స్ మీద. దాని దీర్ఘకాలిక సంచిక రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వెలువడుతుంది. ఒక్కొక్కదానికి మామూలు సంరక్షణ అయిదేళ్లు. మిత్‌టీవీ కోసమే ప్రత్యేకంగా కూర్చిన మిత్‌బుంటు అనే రూపం ఉండేది. దానిని ఇక కొనసాగించబోమని దాని నిర్వాహకులు 2016 నవంబరులో ప్రకటించారు. మేము మామూలు ఉబుంటుకు మారి మిత్‌టీవీని విడిగా ఎక్కించుకున్నాం. నలుగురు స్వచ్ఛందంగా మోస్తున్న పల్లకి ఎక్కినవారు బోయీల భుజాల వైపు కూడా అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి.

ఈ పనికి అక్కరకు వచ్చిన నా విద్య ఒక్కటే: ఓపికగా చదవడం. ప్రతి సంచికతోపాటు ఏమి మారినదో తెలిపే పత్రం ఒకటి వస్తుంది. దానిని మొదటి అక్షరం నుండి చివరి అక్షరం వరకు చదువుతాను. మూలాన్ని పూర్తిగా చదవకుండా అనువాదం మొదలుపెట్టకూడదన్నది మా వృత్తిలో తొలిపాఠం. 2009 నవంబరులో వచ్చిన 0.22 సంచిక సంగతి దీనికి ఉదాహరణ. అంతకుముందు ఆంగ్లేతర అక్షరాలు డేటాబేస్‌లోకి ఒక లిపి సంకేతం పేరు చెప్పి మరొక సంకేతంలో చేరేవి. కొత్త సంచికకు మారేటప్పుడు వాటిని సరిచేయాలి. కొన్ని అమరికలలో ఆ మార్పు మధ్యలోనే ఆగిపోయేది. ఆంగ్లంలో మాత్రమే పేర్లు పెట్టుకున్న ఇంటికి ఇది కనిపించని సమస్య. తెలుగులో పేర్లు పెట్టుకున్న మా వంటి ఇంటికి అది ప్రాణసంకటం. అందుకే ఈనాటికీ, ఏ మార్పు తరువాతనైనా, మొదట తెలుగు పేర్లు తెలుగులోనే ఉన్నాయా అని చూస్తాను.

పేర్ల విషయంలో ఇంకొక చిక్కు లోకం తెచ్చిపెడుతుంది. 2014లో రాష్ట్ర విభజన తరువాత దూరదర్శన్ తెలుగు ఛానెల్ రెండైంది. హైదరాబాదుది యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌ది సప్తగిరి. అంతకుముందు మేము సప్తగిరి పేరుతో దాచినవి హైదరాబాదు ప్రసారాలు. 2024 జనవరిలో పొదిగై డీడీ తమిళ్ అయింది. కొత్త పేర్లు కొత్తవాటికే పెట్టాం. పాతవాటికి పాత పేర్లే ఉంచాం. పుదుచ్చేరి అని 2006లో అధికారికంగా మారినంత మాత్రాన పాత ఉత్తరాల మీది పాండిచ్చేరిని కొట్టివేయము కదా!

కాశీ మజిలీలు

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఒక్క రోజులో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. వీధిలో నీరు నిలవడం, కరెంటు పోవడం మాకు కొత్త కాదు. 2011 డిసెంబరు 30న థానే తుఫానునూ చూచాం. ప్రధాన యంత్రాన్ని మెట్లకింది నుండి మేడమీదికి చేర్చాం. నీరు తీసి, కరెంటు వచ్చిన తరువాత మూడు యంత్రాలు లేచాయి. రెండవ బ్యాకెండ్‌లో పవర్ సప్లై పోయింది. అది మార్చితే అదీ లేచింది. కాని ఆ రాత్రి ఒక విషయం స్పష్టమైంది. మా ఉబుంటు 2020 ఏప్రిల్ నాటిది. దాని మామూలు సంరక్షణ 2025 మే నెలతో ముగుస్తుంది. డిస్కులు పాతవి, సాఫ్ట్‌వేర్ పాతది. రెండు పాతలు ఒకేసారి విరిగితే తిరిగి నిలబెట్టడం మా వల్ల కాదు.

కొత్త డిస్కులు కొన్నాం. అత్తయ్య పంచాంగం తీసి, "మంచిరోజు చూసుకో అమ్మా" అంది. నాకూ ఒక ముహూర్తం కావాలి: ముఖ్యమైన కార్యక్రమం ఏదీ లేని మూడు రాత్రులు. 2025 మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాది. ఆనాటి కవిసమ్మేళనం రికార్డు కాకుండా ఏదీ ముట్టుకోకూడదని ముందే నిశ్చయం. ఏప్రిల్ మొదటి వారం ఖరారయింది.

మొదట చిత్తుప్రతి. ప్రధాన యంత్రం డిస్కును ఉన్నదున్నట్టు మరొక డిస్కుకు నకలు తీసి, అసలును బీరువాలో పెట్టి, మార్పంతా నకలు మీద చేశాను. ఉబుంటులో 2020 సంచిక నుండి 2024 సంచికకు ఒక్క గంతు వేయనివ్వరు. మధ్యలో 2022 సంచిక వద్ద ఆగి, అక్కడ అన్నీ సరిగా ఉన్నాయని చూచుకొని, మళ్లీ బయలుదేరాలి. కాశీ మజిలీ కథల్లోలాగా ఒక్కొక్క మజిలీలో ఒక్కొక్క కథ. ఈ ప్రయాణంలో మిత్‌టీవీ 31వ సంచిక నుండి 32 మీదుగా 34కు చేరుతుంది. ప్రతి మజిలీ వద్దా డేటాబేస్‌కు కొత్త నకలు తీసి, దాని మీద తేదీ, సంచిక రాసిపెట్టాను.

క్రమం ఇది. మొదట ఫ్రంటెండ్లు ఆపాలి. తరువాత రెండవ బ్యాకెండ్, చివరకు ప్రధాన బ్యాకెండ్ ఆపాలి. డేటాబేస్ నకలు తీయాలి. తీసిన నకలు వేరే యంత్రంలో తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు నకలు కాదు, నమ్మకం మాత్రమే. ఆ తరువాత ప్రధాన యంత్రాన్ని మార్చాలి. అది ఒంటరిగా నిలబడి, స్కీమా మార్చుకొని, పాత రికార్డింగులను చూపించిన తరువాతనే తక్కినవాటికి పిలుపు. యంత్రాల పేర్లు మాత్రం మార్చకూడదు. ఎవరి అమరికలు ఏవో డేటాబేస్ యంత్రం పేరునుబట్టే గుర్తుపెట్టుకుంటుంది. పేరు మారితే సొంత ఇంట్లోనే చుట్టమైపోతుంది.

మొదటి రాత్రి ప్రధాన యంత్రం మజిలీలన్నీ దాటింది. రెండవ రాత్రి మేడమీది యంత్రం. దాని ట్యూనరును నడిపించే డ్రైవరు లినక్స్ కెర్నెల్‌తోపాటు రాదు. కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ విడిగా తయారు చేసుకోవాలి. ఇది చిత్తుప్రతిలోనే తెలిసింది గనుక తెల్లవారుజామున రెండు గంటలకు అది డిష్‌ను పట్టుకున్నది. మూడవ రాత్రి చూపించే యంత్రాలు. హాలులోనిది అరగంటలో పూర్తయింది.

మిగిలినది అత్తయ్య గదిలోని పలక. నాలుగింటిలో అన్నింటికన్నా చిన్నది, బలహీనమైనది. దానికి సరిపోయే 34వ సంచిక తయారుగా దొరకలేదు. జోడెద్దుల బండి వేగం నెమ్మదైన ఎద్దు వేగమే. ఆ పలక పాతదిగా ఉండిపోతే ప్రధాన యంత్రం దానిని లోపలికి రానివ్వదు. దానికోసం తక్కిన మూడింటినీ పాత సంచికలో ఆపడమా, లేక దానిని తీసివేసి అత్తయ్యను హాలులోకి రమ్మనడమా? రెండూ నాకు సమ్మతం కాలేదు. రాత్రి నిద్రపట్టని మనిషి ఆమె; గది దాటి రావాలంటే మోకాళ్లు సహకరించవు. మూలప్రతిని తీసుకొని ఆ పలక మీదనే కంపైల్ చేయడం మూడవ దారి. నెమ్మదైన దారి, గాని దారే. రాత్రి పదింటికి మొదలుపెట్టాం. మా అమ్మాయి, అప్పటికి తొమ్మిదో తరగతి, పలక వేడెక్కకుండా చిన్న ఫ్యాను పెట్టి కాపలా కాసింది. అత్తయ్య మంచం మీద కూర్చుని జపమాల తిప్పుతూ ఉంది. కొన్ని గంటల తరువాత తెరమీద జాబితా కనిపించింది. తెలుగు పేర్లు తెలుగులోనే ఉన్నాయి.

మా ఇంట్లో ప్రతి అప్‌గ్రేడూ ఒకే పరీక్షతో ముగుస్తుంది. 2011 నాటి ఆ అరగంటను తెరుస్తాం. ఇది నేను పెట్టిన నియమం కాదు. మామగారు పోయిన తరువాత జరిగిన తొలి మార్పు నాడు అత్తయ్య తానుగా వచ్చి కూర్చున్నది. అప్పటి నుండి అదే ఆనవాయితీ. "పనిచేస్తున్నదా?" అని ఆమె ఎన్నడూ అడగదు.

"ఉన్నారా?" అని అడుగుతుంది.

"ఉన్నారత్తయ్యా" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొనే వరకు చూచి, "ఇక పడుకోండి, పొద్దుపోయింది" అని దుప్పటి కప్పుకుంది.

ఆకులు మారుతూ ఉంటేనే

ఇది ఒక ఇంటి ముచ్చట అనుకోనక్కరలేదు. టెలివిజన్ తొలినాళ్లలో టేపు చాలా ఖరీదైనది. ప్రసారమైన దానిని చెరిపి అదే టేపు మీద మరొకటి తీయడం ఎన్నో దేశాల్లో వాడుక. బ్రిటన్‌లో బీబీసీ వంటి సంస్థ వద్దనే 1960ల నాటి డాక్టర్ హూ ధారావాహిక భాగాలు 90కి పైగా లేకుండా పోయాయి. బొమ్మ పోయినా ఆ భాగాలన్నింటి ధ్వని మాత్రం మిగిలింది. ఎవరు దాచారు? ఇళ్లలో టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టుకొని కూర్చున్న మామూలు ప్రేక్షకులు. ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆమె దశాబ్దాల తరబడి టీవీ వార్తలను రాత్రింబగళ్లు రికార్డు చేసింది. 2012లో ఆమె మరణించే నాటికి దాదాపు 70,000 టేపులు పోగయ్యాయి. అవి తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు చేరాయి. సంస్థలు మరచినదానిని ఇళ్లు గుర్తుంచుకున్నాయి.

దీనికి మన దగ్గరి దృష్టాంతం ఇంకా పాతది. కోసపాళయానికి కొద్ది దూరంలోనే, సెయింట్ లూయీ వీధిలో, 1955లో స్థాపించిన ఫ్రెంచి పరిశోధన సంస్థ ఉన్నది. పుదుచ్చేరిలో భద్రపరచిన శైవ తాళపత్ర గ్రంథాలను యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఆ గ్రంథాలలో పెక్కింటి భావం వెయ్యేళ్ల నాటిది కావచ్చు. ఆకు మాత్రం అంత పాతది కాదు. మన తేమలో, మన పురుగులలో తాటాకు కొన్ని వందల ఏళ్లకు మించి నిలవదు. ఆకు శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు గంటం పట్టి కొత్త ఆకు మీదికి ఎత్తి రాసినందువల్లనే ఆ మాట మన వరకు వచ్చింది. 1820లో కడపకు వచ్చిన సీ.పీ. బ్రౌన్ దొర తన సొంత డబ్బుతో పండితులనూ, లేఖకులనూ పెట్టి తెలుగు కావ్యాల ప్రతులను సేకరింపజేశాడు, పోల్చి చూపించాడు, శుద్ధప్రతులు రాయించాడు. నకలు తీయడం, పాతదానితో పోల్చడం, పేరు రాసి కట్టకట్టడం. పలక మీద చిన్న ఫ్యాను పెట్టి మేము ఆ రాత్రి చేసినది ఇంతకన్నా వేరు కాదు.

దాచుకోవడమంటే ఒకసారి చేసి మరచిపోయే పని అని మనం భ్రమపడతాం. బీరువాలో పెట్టాం, తాళం వేశాం, ఇక నిశ్చింత అనుకుంటాం. తాటాకైనా, టేపైనా, డిస్కైనా నిశ్చింత ఇవ్వదు. చేతులు మారుతూ, ఆకులు మారుతూ ఉంటేనే ఏదైనా నిలుస్తుంది. అప్‌గ్రేడ్ అన్న మాటను నేను తెలుగు చేయవలసి వస్తే, పైమెట్టు అనో ఉన్నతీకరణ అనో అనను. ఎత్తి రాయడం అంటాను.

చేతులు మారడమన్నదే ఇందులో కష్టమైన భాగం. మరిది నాకిచ్చిన కాగితం మీద ఆదేశాలు ఉన్నాయిగాని కారణాలు లేవు. ఏది చేయాలో ఉన్నది. ఎందుకు చేయాలో లేదు. అందుకని రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి కొని, మొత్తం క్రమాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఏ యంత్రం ముందు, ఏది తరువాత. ఏ నకలు ఏ డిస్కు మీద. అంకెల పేరున్న ఏ ఫైలులో తాతగారు ఉన్నారు. చివరిది మొదటి పేజీలోనే రాశాను, కాలం మీద ప్రామాణిక సమయం నుండి మన సమయానికి ఎన్ని గంటలు కలపాలో కూడా.

మా అమ్మాయి ఆ నోటుబుక్కు చదివి, అర్థంకాని చోట పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టింది. పదిహేడు ఉన్నాయి. వాటికి సమాధానాలు ఎదుటి పేజీలో రాస్తున్నాను. వచ్చే మజిలీలో యంత్రం ముందు ఆమె కూర్చుంటుంది. నోటుబుక్కు నేను చదువుతాను. అత్తయ్య మాత్రం తన చోటులోనే కూర్చుంటుంది.